పాఠ్యభాగం 9: ఇంట్లో బట్టల ఉతుకు – విద్యుత్తు పొదుపు

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 యూనిట్ అంటే ఏమిటి?
9.3 ఉతుకులో విద్యుత్తు ఎక్కడ ఖర్చవుతుంది?
9.4 ఒక ఇంటి లెక్క
9.5 పొదుపు మార్గాలు
9.6 పొదుపు కానివి
9.7 సారాంశం
9.8 కీలక పదాలు
9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు
9.10 అభ్యాస కృత్యం
9.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:
• ఒక పరికరం ఎంత విద్యుత్తు వాడుతుందో యూనిట్లలో లెక్కించగలుగుతారు.
• నానబెట్టడం నుంచి ఇస్త్రీ వరకు ఏ దశలో ఎంత ఖర్చవుతుందో పోల్చి చెప్పగలుగుతారు.
• మీ ఇంటి ఉతుకులో నిజంగా ఆదా అయ్యే చోటును గుర్తించగలుగుతారు.
• పొదుపుగా కనిపించి, మనిషి మీద భారం వేసే పద్ధతులను వేరు చేయగలుగుతారు.

9.1 పరిచయం

శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక ఇంటిని ఊహించుకోండి. పెరట్లో కొబ్బరి చెట్లకు కట్టిన దండెం, బోరుకు మోటారు, వసారాలో రెండు తొట్ల వాషింగ్ మెషీన్, గదిలో ఒక ఇస్త్రీ పెట్టె ఉన్నాయి. ఇంట్లో ఒకరు పలాసలో జీడిపిక్కల పనికి వెళతారు. మరొకరు తీరంలో వేట పని చేస్తారు. పిల్లలిద్దరికీ రోజూ బడి యూనిఫాం కావాలి. జీడి రసం మరక, చేపల నీచు, ఉప్పు నీరు, ఉద్దానం ఇసుక, అన్నీ ఆ బట్టల్లోనే ఉంటాయి.

కరెంటు బిల్లు పెరిగిన నెలలో ఇలాంటి ఇంట్లో మొదట వచ్చే మాట "మెషీన్ వేయడం తగ్గించండి" అని. మెషీన్ పెద్దది, చప్పుడు చేస్తుంది, అరగంట సేపు తిరుగుతుంది. కాబట్టి కరెంటు అదే తాగుతోందని అనుకుంటారు. ఆ నెల నుంచి ఇంటి ఇల్లాలు మళ్లీ బండ దగ్గర కూర్చుంటుంది. అయినా బిల్లు పెద్దగా తగ్గదు. ఎందుకు తగ్గదన్నదే ఈ పాఠ్యభాగంలో ప్రధాన విషయం.

దీనికి సమాధానం ఒక చిన్న సూత్రంలో ఉంది. విద్యుత్తుతో వస్తువును తిప్పడానికి తక్కువ ఖర్చవుతుంది. విద్యుత్తుతో వేడి పుట్టించడానికి ఎక్కువ ఖర్చవుతుంది. ఈ సూత్రాన్ని లెక్కలతో పరిశీలిద్దాం.

9.2 యూనిట్ అంటే ఏమిటి?

మీటరులో చూపే ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్. 1000 వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. ఏ పరికరానికైనా వాడవలసిన సూత్రం ఇదే:

యూనిట్లు = వాట్లు × గంటలు ÷ 1000

వాట్ల సంఖ్య పరికరం వెనుక లేదా అడుగున అతికించిన రేకు మీద ఉంటుంది. ఉదాహరణకు 360 వాట్ల మోటారు 20 నిమిషాలు, అంటే గంటలో మూడో వంతు తిరిగితే, 360 × 1/3 ÷ 1000 = 0.12 యూనిట్.

నీటిని వేడి చేసే లెక్క కొంచెం వేరు. ఒక లీటరు నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ సెల్సియస్ పెంచడానికి సుమారు 4.19 కిలోజౌళ్ల శక్తి కావాలి. ఒక యూనిట్ అంటే 3600 కిలోజౌళ్లు. కాబట్టి:

యూనిట్లు = లీటర్లు × పెంచిన డిగ్రీలు × 4.19 ÷ 3600

యూనిట్ ధర అందరికీ ఒకటి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022–23 టారిఫ్ ప్రకారం గృహ వినియోగదారులకు నెలవారీ శ్లాబులు ఇలా ఉన్నాయి:

మొదటి 30 యూనిట్లు – యూనిట్‌కు రూ. 1.90
31 నుంచి 75 వరకు – రూ. 3.00
76 నుంచి 125 వరకు – రూ. 4.50
126 నుంచి 225 వరకు – రూ. 6.00
226 నుంచి 400 వరకు – రూ. 8.75
400 దాటితే – రూ. 9.75

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పై శ్లాబులోకి వెళ్లినంత మాత్రాన మొత్తం యూనిట్లకు పై ధర పడదు. దాటిన యూనిట్లకే పడుతుంది. అంటే మనం ఆదా చేసే యూనిట్లు ఎప్పుడూ మన బిల్లులో అన్నిటికంటే ఖరీదైనవి. నెలకు 130 యూనిట్లు వాడే ఇంట్లో మొదట తగ్గే 5 యూనిట్ల విలువ ఒక్కొక్కటి రూ. 6.00, సగటు ధర ఇంతకంటే చాలా తక్కువ.

9.3 ఉతుకులో విద్యుత్తు ఎక్కడ ఖర్చవుతుంది?

ఉతుకును అయిదు పనులుగా విడదీసి చూద్దాం.

9.3.1 నీళ్లు తోడటం

ఒక హార్స్ పవర్ మోటారు సుమారు ఒక కిలోవాట్ విద్యుత్తు తీసుకుని, 1000 లీటర్ల ట్యాంకును అరగంటలో నింపుతుందనుకుందాం. అప్పుడు ట్యాంకుకు 0.5 యూనిట్. ఒక విడత ఉతుకుకు, జాడింపుతో కలిపి 150 లీటర్లు వాడితే, అందులో మోటారు వాటా 0.075 యూనిట్. బోరు లోతు పెరిగినా, మోటారు పాతదైనా ఈ సంఖ్య పెరుగుతుంది. అయినా ఉతుకు మొత్తంలో ఇది చిన్న భాగమే. నీటిని పొదుపు చేయడానికి కరెంటు కంటే పెద్ద కారణం భూగర్భ జలమే. తీరానికి దగ్గరగా బోర్లు అతిగా తోడితే ఉప్పు నీరు లోపలికి చొచ్చుకువస్తుంది.

9.3.2 తిప్పడం

రెండు తొట్ల మెషీన్‌లో ఉతికే మోటారు 360 వాట్లు, పిండే మోటారు 150 వాట్లు అనుకుందాం. ఉతకడానికి, జాడించడానికి కలిపి 20 నిమిషాలు, పిండడానికి రెండు దఫాలుగా 10 నిమిషాలు. మొత్తం 0.12 + 0.025 = 0.145 యూనిట్. అంటే ఏడు విడతలు వేస్తే సుమారు ఒక యూనిట్ అవుతుంది.

9.3.3 నీటిని వేడి చేయడం

బకెట్‌లో రాడ్ హీటర్ పెట్టి 20 లీటర్ల నీటిని 27 డిగ్రీల నుంచి 52 డిగ్రీలకు వేడి చేస్తే, 20 × 25 × 4.19 ÷ 3600 = 0.58 యూనిట్. మెషీన్ నాలుగు విడతలు తిరగడానికి అయ్యే ఖర్చు ఒక్క బకెట్ వేడినీళ్లకు అయిపోయింది. ముందు తలుపు ఉన్న మెషీన్‌లో 60 డిగ్రీల మీట తిప్పినా ఇదే జరుగుతుంది. తొట్టిలో 15 లీటర్ల నీరు ఉంటే, 27 నుంచి 60కి తేవడానికే దాదాపు 0.58 యూనిట్.

వేడి ఎందుకు అలవాటైంది? చాకిరేవుల్లో ఒకప్పుడు మురికి బట్టలను చౌడు కలిపిన నీటిలో తడిపి, బానల మీద పేర్చి, కట్టెల మంటతో ఆవిరి పట్టేవారు. దీన్నే ఉబ్బ పెట్టడం అంటారు. చౌడులోని క్షారం జిడ్డును విడదీస్తుంది. ఆవిరి ఆ పనిని వేగవంతం చేస్తుంది. సబ్బుపొడులు లేని కాలంలో ఆ వేడి అవసరమే. నేటి డిటర్జెంట్లలో జిడ్డును విడదీసే రసాయనాలతో పాటు, చాలావాటిలో మాంసకృత్తులను, కొవ్వును, పిండి పదార్థాన్ని ముక్కలు చేసే ఎంజైములు కూడా ఉంటాయి. 30 డిగ్రీల దగ్గర కూడా అవి పనిచేస్తాయి. వాటికి కావలసింది కొంత సమయం.

"30 డిగ్రీల దగ్గర ఉతకండి" అని యూరప్ దేశాల్లో ప్రచారం చేస్తారు. అక్కడ కుళాయి నీరు చాలా నెలలు 10–15 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి 30కి తేవడానికి కూడా హీటరు కావాలి. మన తీరంలో బోరు నీరు ఏడాదిలో ఎక్కువ కాలం 25 నుంచి 30 డిగ్రీల మధ్యే ఉంటుంది. వారు కరెంటు ఖర్చు పెట్టి చేరుకునే చోట మన నీరు ముందే ఉంది. అందువల్ల మన ఇళ్లలో హీటరు మీటను మామూలు ఉతుకుకు వాడనవసరం లేదు.

మరో సంగతి. చేపల రక్తం, పాలు, గుడ్డు వంటి మాంసకృత్తుల మరకలు వేడి నీటిలో గడ్డకట్టి నూలుకు పట్టేస్తాయి. వేట బట్టలను ముందు వేడి నీటిలో వేస్తే ఖర్చు పెరగడమే కాక మరక కూడా నిలిచిపోతుంది.

9.3.4 ఆరబెట్టడం

తడి బట్టలోని ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2430 కిలోజౌళ్లు, అంటే 0.67 యూనిట్ శక్తి కావాలి. దీన్ని బాష్పీభవన గుప్తోష్ణం అంటారు. దండెం మీద మూడు లీటర్ల నీరు ఆరిందంటే ఎండ, గాలి కలిసి మనకు రెండు యూనిట్ల పని ఉచితంగా చేసి పెట్టాయన్నమాట. మెషీన్ తిరగడానికి అయిన ఖర్చుకు ఇది 13 రెట్లకు పైమాటే. ఉతుకు మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ శక్తి అవసరమయ్యే పని ఇదే. మన మీటరులో అది కనిపించకపోవడానికి కారణం దండెమే.

అదే నీటిని వేడితో కాకుండా వేగంతో తీస్తే ఖర్చు ఎంత తగ్గుతుందో చూడండి. చేత్తో పిండిన దుప్పటిని పిండే తొట్టిలో 5 నిమిషాలు తిప్పితే అర లీటరు నీరు వచ్చిందనుకుందాం. మోటారుకు అయినది 0.0125 యూనిట్. ఆ అర లీటరును వేడితో ఆవిరి చేయాలంటే 0.34 యూనిట్, అంటే దాదాపు 27 రెట్లు.

9.3.5 ఇస్త్రీ

వేడి మీద నడిచే పరికరం కాబట్టి ఇస్త్రీ పెట్టె దగ్గరే చాలా ఇళ్లలో ఎక్కువ ఖర్చు ఉంటుంది. 1000 వాట్ల పెట్టెలో థర్మోస్టాట్ కావలసిన వేడి రాగానే కరెంటు ఆపి, చల్లబడగానే మళ్లీ ఇస్తుంది. దీపం వెలిగినంత సేపే అది కరెంటు తీసుకుంటుంది. 20 నిమిషాల ఇస్త్రీలో 12 నిమిషాలు దీపం వెలిగితే ఖర్చు 0.2 యూనిట్. ఇది ఒక విడత మెషీన్ ఖర్చు కంటే ఎక్కువ. రోజూ ఉదయం ఒకటి రెండు జతలకోసం పెట్టెను మొదటి నుంచి వేడి చేయడం వల్ల ఈ ఖర్చు నెల తిరిగేసరికి పేరుకుంటుంది.

వానాకాలంలో దీనికి ఇంకొకటి తోడవుతుంది. ఆరని యూనిఫాంను ఇస్త్రీ పెట్టెతో ఆరబెడతాం. ఒక జతలో 200 మిల్లీలీటర్ల తడి మిగిలి ఉంటే, దాన్ని మరిగించి ఆవిరి చేయడానికే కనీసం 0.14 యూనిట్ కావాలి. చొక్కా ముడతలు పోవడానికి అయ్యే ఖర్చు దీనికి అదనం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

1. 1500 వాట్ల రాడ్ హీటరు 20 నిమిషాలు పనిచేస్తే ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయి?
2. చేపల రక్తం మరకను ముందు చన్నీటిలోనే ఎందుకు ఉతకాలి?
3. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి కావలసిన శక్తి సుమారు ఎన్ని యూనిట్లు?

9.4 ఒక ఇంటి లెక్క

నలుగురున్న ఇంటికి ఒక నెల లెక్క వేద్దాం. పై ఉదాహరణల సంఖ్యలనే తీసుకున్నాం. మీ ఇంటి సంఖ్యలు వేరుగా ఉండవచ్చు. లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

పట్టిక 9.1: ప్రస్తుత పద్ధతి
మెషీన్, 12 విడతలు × 0.145 – 1.74 యూనిట్లు
నీళ్ల మోటారు, 12 × 0.075 – 0.90
రాడ్ హీటరు, 8 బకెట్లు × 0.58 – 4.64
ఇస్త్రీ, 26 రోజులు × 0.2 – 5.20
మొత్తం – 12.48 యూనిట్లు

ఇందులో వేడి కోసం అయినవి 4.64 + 5.20 = 9.84 యూనిట్లు. మొత్తంలో దాదాపు నాలుగింట మూడు వంతులకు పైగా వేడికే పోయింది. మెషీన్‌ను పూర్తిగా మానేసినా మిగిలేది నెలకు 1.74 యూనిట్లు. 126–225 శ్లాబు ధర పెట్టి చూసినా అది పదిన్నర రూపాయలు. ఆ పదిన్నర రూపాయల కోసం ఒక మనిషి నెలలో 12 సార్లు ఇంటిల్లిపాది బట్టలు చేత్తో ఉతకాలి.

ఇప్పుడు పద్ధతి మారుద్దాం. వేడినీళ్లు నెలకు రెండు సార్లు మాత్రమే. ఇస్త్రీ వారానికి రెండు సార్లు, అవసరమైన బట్టలకే, ఒక్కోసారి దీపం వెలిగే సమయం 15 నిమిషాలు. నెలకు 9 సార్లు. మెషీన్‌ను నిండుగా వేసి 9 విడతలకు తగ్గిద్దాం. విడతకు 120 లీటర్ల నీరు.

పట్టిక 9.2: మార్చిన పద్ధతి
మెషీన్, 9 × 0.145 – 1.31 యూనిట్లు
నీళ్ల మోటారు, 9 × 0.06 – 0.54
రాడ్ హీటరు, 2 × 0.58 – 1.16
ఇస్త్రీ, 9 × 0.25 – 2.25
మొత్తం – 5.26 యూనిట్లు

ఆదా సుమారు 7 యూనిట్లు. అంతకు ముందు నెలకు 130 యూనిట్లు వాడే ఇల్లయితే, శ్లాబుల ప్రకారం విద్యుత్తు చార్జీ 57 + 135 + 225 + 30 = రూ. 447. ఇప్పుడు 123 యూనిట్లకు 57 + 135 + 216 = రూ. 408. నెలకు 39 రూపాయలు, ఏడాదికి దాదాపు 470 రూపాయలు. స్థిర చార్జీలు, ఇతర సర్దుబాట్లు ఈ లెక్కలో లేవు.

ఇది పెద్ద మొత్తమని చెప్పలేం. కాని ఇందులో ఎవరి శ్రమా పెరగలేదు. ఉతుకు, ఇస్త్రీ రెండింటి సమయమూ తగ్గింది. కొత్త పరికరం కొననవసరం కూడా రాలేదు.

9.5 పొదుపు మార్గాలు

9.5.1 ఉతకడానికి ముందు

ఇసుక, ఉప్పు ఉన్న బట్టలను ముందుగా మామూలు నీటిలో ఒకసారి జాడించండి. ఉప్పు మిగిలితే బట్ట సరిగా ఆరదు. గాలిలో తేమ 75 శాతం దాటినప్పుడు ఉప్పు ఆ తేమను లాక్కుని కరుగుతుంది. నువ్వలరేవు, మంచినీళ్లపేట వంటి తీర గ్రామాల్లో ఎండలో ఆరిన వేట చొక్కా సాయంత్రానికి మళ్లీ చెమ్మగిల్లడానికి ఇదే కారణం.

తరవాత డిటర్జెంట్ నీటిలో అరగంట నానబెట్టండి. వేడి చేయవలసిన పనిని ఇక్కడ సమయం చేస్తుంది. కాలర్లు, చేతి మడతలు మాత్రం బ్రష్‌తో రుద్దితే మెషీన్‌ను రెండోసారి తిప్పే అవసరం ఉండదు.

మీ బోరు నీటిలో సబ్బు నురగ రాకపోతే అది కఠిన జలం. దానిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా ఏర్పడతాయి. అలాంటి నీటికి బట్టల సబ్బు కంటే డిటర్జెంట్ పొడి మేలు. మెత్తటి నీటిలోనైతే పొడి తగ్గించండి. నురగ ఎక్కువైతే జాడింపులు పెరుగుతాయి. నీరు, మోటారు రెండూ పెరుగుతాయి.

9.5.2 ఉతికేటప్పుడు

మెషీన్‌ను నిండుగా వేయండి. అయితే కుక్కవద్దు, బట్టలు తిరగడానికి పైన జానెడు ఖాళీ ఉండాలి. ముందు తక్కువ మురికి బట్టలు, అదే సబ్బునీటిలో తరవాత ఎక్కువ మురికి బట్టలు వేయడం రెండు తొట్ల మెషీన్‌లో సులభం. జాడించే ముందు ఒకసారి పిండే తొట్టిలో తిప్పితే సబ్బునీరు బయటికి పోయి, ఒక జాడింపు తగ్గుతుంది. ఆఖరి జాడింపు నీటిని తరవాతి విడత నానబెట్టడానికి వాడుకోవచ్చు.

కొత్త మెషీన్ కొనేటప్పుడు ఇంధన సామర్థ్య బ్యూరో నక్షత్రాల లేబుల్ ఉందేమో చూడండి. విద్యుత్తుతో పాటు నీటి వాడకాన్ని కూడా పోల్చుకోండి. ఇంట్లో నలుగురే ఉంటే పెద్ద తొట్టి మెషీన్ సగం నింపి తిప్పడం దండగ.

9.5.3 ఆరబెట్టేటప్పుడు

ఉదయం నేల వైపు నుంచి వచ్చే గాలిలో తేమ కొంత తక్కువ. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి తేమను తెస్తుంది. కాబట్టి ఉదయమే ఆరేసి, పొద్దు వాలకముందే తీయడం మంచిది. బట్టకూ బట్టకూ మధ్య బెత్తెడు ఎడం ఉండాలి. ఆరేసే ముందు గట్టిగా దులిపి, కుట్ల వెంట లాగి వేస్తే చాలా ముడతలు అక్కడే పోతాయి. ఇస్త్రీ పని సగం దండెం దగ్గరే అయిపోతుంది. రంగు బట్టలను తిరగేసి ఆరేయండి.

వానాకాలంలో వసారాలోనో, కిటికీలు తెరిచిన గదిలోనో పైకప్పుకు దగ్గరగా తాడు కట్టండి. 75 వాట్ల ఫ్యాన్‌ను బట్టల కోసమే ఎనిమిది గంటలు వేస్తే 0.6 యూనిట్ అవుతుంది. రాత్రి మనం ఎలాగూ ఫ్యాన్ కింద పడుకుంటాం కాబట్టి ఆ గదిలోనే యూనిఫాంలు వేస్తే అదనపు ఖర్చు ఉండదు. యూనిఫాంను సాయంత్రం బడి నుంచి రాగానే ఉతికి, బాగా పిండి వేస్తే ఉదయానికి ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టే పని తప్పుతుంది.

జాగ్రత్త: దండేనికి ఇనుప తీగ వాడకండి, నైలాన్ తాడు కట్టండి. తీగ ఎక్కడైనా సర్వీసు వైరుకు, దెబ్బతిన్న రేకు కప్పుకు తగిలితే తడి బట్ట ముట్టుకున్న మనిషికి విద్యుద్ఘాతం తగులుతుంది. దండెం కరెంటు స్తంభానికి కట్టకూడదు. మెషీన్‌కు మూడు కాళ్ల ప్లగ్గు, సరైన ఎర్తింగ్ తప్పనిసరి. రాడ్ హీటరు స్విచ్ ఆపి, ప్లగ్గు తీసిన తరవాతే నీటిలో చేయి పెట్టాలి.

9.5.4 ఇస్త్రీ చేసేటప్పుడు

బట్టలన్నీ పోగుచేసి వారానికి ఒకటి రెండు సార్లు చేయండి. ముందు తక్కువ వేడి చాలిన సింథటిక్ బట్టలు, తరవాత నూలు బట్టలు. పెట్టె క్రమంగా వేడెక్కుతుంది కాబట్టి చల్లారే వరకు ఆగే పని ఉండదు. ఆఖరి రెండు మూడు పలుచని బట్టలకు స్విచ్ ఆపేసి, మిగిలిన వేడినే వాడండి. ఫ్యాన్ గాలి నేరుగా పెట్టె మీద పడకుండా చూసుకోండి. లోదుస్తులకు, తువ్వాళ్లకు, దుప్పట్లకు ఇస్త్రీ అవసరం లేదు; మడత చాలు.

9.5.5 తుఫాను కాలంలో

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటింది. గాలి వేగం గంటకు 140–150 కిలోమీటర్లు. కరెంటు స్తంభాలు కూలి ఉద్దానం గ్రామాల్లో రోజుల తరబడి సరఫరా లేదు. కరెంటు లేకపోతే బోరు మోటారు కూడా లేనట్టే. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను హెచ్చరిక రాగానే మురికి బట్టలు ఉతికి ఆరబెట్టుకోవడం, మనిషికి రెండు జతల పొడి బట్టలు ప్లాస్టిక్ సంచిలో కట్టి పైన పెట్టుకోవడం, ట్యాంకు నింపుకోవడం అలవాటు చేసుకోవాలి.

9.6 పొదుపు కానివి

మీటరులో యూనిట్ తగ్గిన ప్రతిదీ పొదుపు కాదు. ఆ శక్తి మరెక్కడి నుంచో రావాలి. చాలాసార్లు అది ఇంట్లో ఒక స్త్రీ ఒంటి నుంచి వస్తుంది.

మెషీన్ మానేసి ఎండలో బండ మీద ఉతకడం ఇందుకు మొదటి ఉదాహరణ. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను పీడిస్తోంది. దానికి ఒకే కారణమని ఇంకా తేలలేదు. వేడిలో శ్రమ, ఒంట్లో నీరు తగ్గిపోవడం పరిశోధకులు పరిశీలిస్తున్న అంశాల్లో ఉన్నాయి. డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా వేయించుకున్నవారు ఆ చేత్తో బరువులు ఎత్తకూడదని వైద్యులు చెబుతారు. తడి దుప్పటి పిండటం, నిండు బకెట్ మోయడం ఆ కోవలోకే వస్తాయి. అలాంటి ఇంట్లో 0.145 యూనిట్‌కు మెషీన్ చేసే పని ఏ మందుల ఖర్చుతోనూ పోల్చలేనంత చవక. పొదుపు పేరుతో దాన్ని ఆపకూడదు.

రెండోది, కరెంటు ఆదా చేయడానికి కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచడం. కొబ్బరి మట్టలు, జీడి కొమ్మలు ఇంట్లో దొరికేవే అయినా వాటి పొగ ఊపిరితిత్తులకు చేటు. నులివెచ్చని నీరు చాలినప్పుడు, మూతపెట్టిన నల్లని పాత్రలోనో బకెట్‌లోనో నీటిని మధ్యాహ్నం వరకు ఎండలో ఉంచితే సరిపోతుంది.

మూడోది, అవసరమైన చోట కూడా వేడి మానేయడం. అంటువ్యాధి ఉన్నవారి పక్కబట్టలు, పసిపిల్లల మలం అంటిన గుడ్డలు, గజ్జి సోకినవారి దుస్తులు 60 డిగ్రీల నీటిలో ఉతికి ఎండలో ఆరేయాలి. పట్టిక 9.2లో రెండు బకెట్ల వేడినీళ్లు ఉంచింది ఇందుకే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

4. ఉప్పు మిగిలిన బట్ట సాయంత్రానికి ఎందుకు చెమ్మగిల్లుతుంది?
5. పట్టిక 9.1లో వేడి కోసం అయిన యూనిట్లు ఎన్ని?
6. వేడినీటి ఉతుకు తప్పనిసరి అయిన రెండు సందర్భాలు రాయండి.

9.7 సారాంశం

ఇంటి ఉతుకులో మోటార్లు తీసుకునే విద్యుత్తు తక్కువ. నీటిని వేడి చేయడం, ఇస్త్రీ చేయడం, తడిని వేడితో ఆరబెట్టడం ఎక్కువ విద్యుత్తు తీసుకుంటాయి. మన తీరంలో బోరు నీరు సహజంగానే 25–30 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి నానబెట్టి చన్నీటిలో ఉతికితే చాలు. మెషీన్‌తో బాగా పిండి, దండెం మీద దులిపి ఆరేసి, ఇస్త్రీని పోగుచేసి చేస్తే ఉదాహరణలోని ఇంట్లో నెలకు సుమారు 7 యూనిట్లు మిగిలాయి. మెషీన్ మానేయడం వల్ల మిగిలేది రెండు యూనిట్ల లోపే. దానికి పడే శ్రమ చాలా ఎక్కువ. బిల్లు తగ్గించాలనుకున్న నెలలో ముందుగా చూడవలసినవి రాడ్ హీటరు, ఇస్త్రీ పెట్టె.

9.8 కీలక పదాలు

యూనిట్: 1000 వాట్ల పరికరం ఒక గంటలో వాడే విద్యుత్తు, 3600 కిలోజౌళ్లు.
శ్లాబు: వాడకం పెరిగే కొద్దీ యూనిట్ ధర మారే అంచె.
బాష్పీభవన గుప్తోష్ణం: ఉష్ణోగ్రత మారకుండా ద్రవం ఆవిరిగా మారడానికి కావలసిన ఉష్ణం.
థర్మోస్టాట్: నిర్ణీత వేడి దగ్గర విద్యుత్తును ఆపి, మళ్లీ ఇచ్చే సాధనం.
కఠిన జలం: కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల సబ్బు నురగ రాని నీరు.
ఉబ్బ: క్షారంలో తడిపిన బట్టలకు ఆవిరి పట్టే చాకిరేవు పద్ధతి.

9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. 1500 × 1/3 ÷ 1000 = 0.5 యూనిట్.
2. వేడికి మాంసకృత్తులు గడ్డకట్టి నూలుకు పట్టేస్తాయి కాబట్టి.
3. సుమారు 0.67 యూనిట్.
4. తేమ 75 శాతం దాటిన గాలి నుంచి ఉప్పు నీటిని గ్రహిస్తుంది కాబట్టి.
5. 9.84 యూనిట్లు.
6. అంటువ్యాధి ఉన్నవారి పక్కబట్టలు. పసిపిల్లల మలం అంటిన గుడ్డలు.

9.10 అభ్యాస కృత్యం

ఒక ఆదివారం ఇంట్లోని ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీ అన్నీ ఆపి, మీటరు రీడింగ్ రాసుకోండి. ఇస్త్రీ పని పూర్తి చేసి మళ్లీ రీడింగ్ చూడండి. మరో రోజు మెషీన్ ఒక విడత వేసి ఇదే విధంగా చూడండి. అలాగే చేత్తో పిండిన దుప్పటిని, మెషీన్‌లో పిండిన దుప్పటిని తక్కెడలో తూచి, తేడాను లీటర్లుగా రాయండి (ఒక కిలో నీరు ఒక లీటరు). మీ సంఖ్యలతో పట్టిక 9.1ని మళ్లీ తయారు చేసి, సంప్రదింపు తరగతికి తీసుకురండి.

9.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఉతుకులోని వివిధ దశలలో విద్యుత్తు వినియోగాన్ని లెక్కలతో పోల్చి వివరించండి.
2. "మీటరులో యూనిట్ తగ్గిన ప్రతిదీ పొదుపు కాదు" – ఉదాహరణలతో చర్చించండి.

ఆ. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వానాకాలంలో ఇస్త్రీ పెట్టె వాడకుండా యూనిఫాంలు ఆరబెట్టే పద్ధతులు తెలపండి.
2. శ్లాబు విధానంలో ఆదా చేసిన యూనిట్ విలువ సగటు ధర కంటే ఎందుకు ఎక్కువ?
3. దండెం కట్టేటప్పుడు, రాడ్ హీటరు వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు రాయండి.